బూఢా డోంగర్ మీద మూడు పటాకాలు

సాల్హేటోలా స్టేషను,
8 ఏప్రిల్ 1934

అప్పా,

నీ తమ్ముణ్ణి పులి ఇంకా తినలేదు. నువ్వు కట్టిచ్చిన చింతకాయ పచ్చడిని మాత్రం నేను పూర్తిగా తినేశాను. ఈ ఉత్తరం గార్డు చేతికిస్తున్నాను, రేపటికల్లా బిలాస్‌పూర్‌లో నీ క్వార్టరుకు చేరుతుంది.

ఈ స్టేషను గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కోటా దాటాక బండి రొప్పుతూ కొండదారి ఘాటు ఎక్కుతుంది చూడు, ఆ ఎక్కుడు మధ్యలో ఇంజను నీళ్ళు పట్టుకోవడానికి ఆగే చోటు. ఒక గది, అందులో తంతి యంత్రం, దాని ముందు నేను. ఇక్కడివాళ్ళు నన్ను తార్‌బాబూ అని పిలుస్తారు. రోజుకు నాలుగు బండ్లు. మిగతా వేళంతా నాకూ కొండకూ మధ్య చూపులే.

ఆ కొండ పేరు బూఢా డోంగర్, ముసలి కొండ అని. మొన్న రెస్టు రోజున ఎక్కేశాను! పొద్దున్నే రొట్టెలు మూట కట్టుకుని బయల్దేరాను. కింద సాల చెట్లు, ఆపైన వెదురు, ఆపైన ఒట్టి రాయి. పైకి పోతే ఒక గట్టు వస్తుంది. ఒక పక్క కొండ గోడ, రెండో పక్క లోయ. వెడల్పు రెండడుగులు, పొడవు ముప్పై అడుగులు ఉంటుంది. దాని మీద గోడను రెండు చేతులా పట్టుకుని నడిచాను, నీ దగ్గర దాచడమెందుకు. కానీ దాటాక ఏముందనుకున్నావు! మోకాలెత్తు గడ్డి, గాలి, ఒక గుహ, గుహ పక్కన ఎండాకాలంలోనూ ఆరని ఊట. ఆవలి పక్క దిగితే బైగాలనే అడవిజాతివాళ్ళ పల్లె ఒకటి ఉందట. ఒక మనిషి అక్కడ నెలల తరబడి ఉన్నా కిందవాళ్ళకు తెలియదు. నేను రెండు గంటలు పడుకుని, మన ఘాటు బండి కింద పాకుతూ పోవడం చూశాను. ఈ కాగితం మూల ఆ కొండ బొమ్మ గీశాను చూడు.

పట్టాలు బాగుచేసే గాంగులోని సుక్లూ అనే గోండు ముసలాయన మాత్రం దిగి వచ్చాక నన్ను తిట్టాడు. "ఉహాఁ ఝన్ జా బాబూ" అంటాడు, అక్కడికి పోవద్దని. ఎలుగులున్నాయట. సరేలే, నేను రేకు డబ్బా వాయించుకుంటూ ఎక్కుతాను.

బావకు నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు
సింహాచలం


బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్లు,
14 ఏప్రిల్ 1934

ఒరే తమ్ముడూ,

నీకు చదువు చెప్పించింది కొండలెక్కడానికేట్రా? అమ్మా నాన్నా పోయాక నిన్ను నేనే పెంచాను, ఆ సంగతి గుర్తుందా? రెండడుగుల గట్టు మీద నడిచానని గొప్పగా రాస్తావా! మంగ్లా పల్లెకు పోయే దారిలో కాలవ మీద దుంగ దాటాలన్నా నాకు ఎవరి చెయ్యో కావాలి, నీకు తెలుసు. నా కడుపులో లేని ధైర్యం నీకెక్కణ్ణించి వచ్చిందో!

మీ బావ మాత్రం మురిసిపోయాడు. షంటింగ్ ఇంజను దిగి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా నీ ఉత్తరం చదివించుకున్నాడు. "ఒలే, ఆ గుహ కాడ మళ్ళీ సదువు" అన్నాడు. రెండుసార్లు చదివాను. "నాను రోజంతా యార్డులో ముందుకి పది గజాలు, ఎనక్కి పది గజాలు. ఆడు సూడు, ఎక్కడికో ఎల్తన్నాడు" అని నవ్వాడు. మగవాళ్ళందరూ ఒకటే.

ఈ మధ్య ఆయనకు డబుల్ డ్యూటీలు పడుతున్నాయి. అన్నం ముందు కూర్చునే నిద్రపోతున్నాడు.

పచ్చడి పంపుతున్నాను. కొండ మీదకి మాత్రం పట్టుకుపోకు.

అప్ప
అప్పయమ్మ


బిలాస్‌పూర్,
21 జూన్ 1934

తమ్ముడూ,

ఉత్తరం ఆలస్యమైంది, ఏటీ అనుకోకు. ఒంట్లో బాగోలేదు. ఇప్పుడు పరవాలేదు.

మీ బావ డ్యూటీ మీద రాయగఢ్ వైపు పోయాడు. ఎప్పుడొస్తాడో తెలీదు. నువ్వు ఆయనకు వేరేగా ఉత్తరం రాయకు, అందదు.

ఒక మాట అడుగుతాను. మీ స్టేషనులో ఈ పది రోజుల్లో మనవాళ్ళెవరైనా దిగారా? తెలుగువాళ్ళు? ఎవరైనా దిగితే నాకు ఆ రోజే రాయి. ఎందుకని అడక్కు. ఊరికే అడుగుతున్నాను.

వానలు మొదలయ్యాయి. కొండెక్కకు. నా మీద ఒట్టు.

అప్ప


సాల్హేటోలా,
9 జూలై 1934

అప్పా,

నీ ఒట్టు తప్పాను. ముందే చెప్పేస్తున్నాను, తిట్టు. కానీ చదివాక తిట్టు.

మనవాళ్ళెవరూ ఇక్కడ దిగలేదు. దిగి ఉంటే ఈపాటికి వాళ్ళను కూర్చోబెట్టి కబుర్లు చెప్పి చంపేవాణ్ణి. అయితే కొండ మీద ఏదో ఉంది అప్పా. నవ్వకు.

జూన్ ఆఖరులో వాన తెరిపి ఇచ్చిందని ఎక్కాను. గుహలో బూడిద, ఇంకా వెచ్చగా ఉంది. బైగాల వాళ్ళు ఎవరో వచ్చి ఉంటారులే అనుకున్నాను. బూడిదలో ఒక చుట్ట పీక దొరికింది. ఇక్కడివాళ్ళు ఆకుబీడీలు తాగుతారు, చుట్ట కాల్చరు. పైగా అది కాలిన కొస తడిసి, పళ్ళ గాట్లు పడి ఉంది. అంటే నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చినది, అడ్డపొగ! మన విజయనగరం వైపువాళ్ళు కాక ఈ అడవిలో ఆ పని చేసేదెవరు? ఇంజను మీద గాలికి నిప్పురవ్వలు కళ్ళలో పడతాయని బావ అలాగే కదా కాలుస్తాడు. బావను తలుచుకుని నవ్వుకోబోయాను, నవ్వు రాలేదు. వెనక్కి తిరిగితే గడ్డి కదులుతోంది. గాలి లేదు. గట్టు ఎలా దాటానో, ఎలా దిగానో నాకు తెలియదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం కొండ నెత్తిన సన్నగా పొగ. సుక్లూకు చూపిస్తే చేతులు జోడించి, "ముసలోడు తిరుగుతున్నాడు" అన్నాడు. ముసలోడంటే ఆ కొండే. నాకు నిద్ర పట్టడం లేదు. తంతి మీద వేళ్ళు తప్పులు కొడుతున్నాయి. ఇలా అయితే ఉద్యోగం పోతుంది, తేల్చేద్దామనుకున్నాను.

నిన్న స్టోరులోంచి మూడు పటాకాలు తీసుకుపోయాను. పొగమంచు వేళ పట్టాల మీద బిగిస్తారే, చక్రం కింద పడి పేలే రేకు పటాకాలు, అవి. గట్టుకు ఇవతల రాతి మీద అలవాటు చొప్పున పది గజాలకొకటి పెట్టి, పైనుంచి బండరాళ్ళు దొర్లించాను. ఢాం, ఢాం, ఢాం! లోయ అంతా మారుమోగింది. గుహ వైపు ఏదో అరిచింది అప్పా. మనిషి అరుపో ఎలుగు అరుపో చెప్పలేను. రాళ్ళు దొర్లుకుంటూ ఏదో పైపైకి పరుగెత్తింది.

ఎలుగో దెయ్యమో, ఇక రాదనుకుంటాను. ఇవాళ పొగ లేదు. ఒంట్లో ఎలా ఉంది నీకు?

సింహాచలం


బిలాస్‌పూర్,
11 జూలై 1934

ఒరే సింహాచలం,

ఎంత పని చేశావురా నాయనా! అది ఎలుగూ కాదు దెయ్యమూ కాదు. అది మీ బావ!

నీ ఉత్తరంలో చుట్ట మాట చదవగానే లేచి పెట్టె తీశాను. నువ్వు ఏప్రిల్లో రాసిన ఉత్తరం, ఆ గుహా ఊటా అని రాసింది, పెట్టెలో లేదు. మిగతావన్నీ ఉన్నాయి. చదవడం రాని మనిషి ఆ ఒక్క కాగితం ఎలా ఏరుకున్నాడో! నువ్వు దాని మీద కొండ బొమ్మ గీశావు కదూ, అదే ఆనవాలు.

ఇన్నాళ్ళూ నీకు అబద్ధం చెప్పాను. రాయగఢ్ లేదు, ఏటీ లేదు. జూన్ పన్నెండున పొద్దున తొమ్మిదింటికి యార్డులో పోలయ్య రెండు పెట్టెల మధ్య గొలుసు తగిలించడానికి దూరాడు. మన వీధి చివర పోలయ్యే, అసిరమ్మ మొగుడు. వాడు బయటికి రాకముందే ఇంజను కదిలింది. నడిపేది మీ బావ. పోలయ్యను చాప మీద వేసుకుపోతుంటే ఆ రక్తం చూసి చచ్చిపోయాడనే అనుకున్నాడు. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "నన్ను ఉరి తీస్తారే" అని ఒక్క మాటన్నాడు, అంతే.

మర్నాడు తెల్లవారుతూనే అన్నం డబ్బా కట్టమన్నాడు. కట్టాను. గుమ్మం దాటుతుంటే ఎక్కడికి అని అడగాలని నోటిదాకా వచ్చింది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు కదా, అపశకునం కదా! మింగీశాను. షెడ్డుకే పోతున్నాడనుకున్నాను. ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. నా నోరు పడిపోను, ఊరికే లక్ష మాటలు వాగుతుంది, కావలసినప్పుడు శాస్త్రం పట్టుకు కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. పోలయ్య బతికాడు. మోకాలి కింద కాలు తీసీశారు. విచారణకొచ్చిన దొరల ముందు "తప్పు నాదే, జెండా సూపకుండా దూరాను" అని వేలిముద్ర వేశాడు. కేసు లేదు, జైలు లేదు. ఉద్యోగం కూడా పోదు, మందలింపుతో సరిపోయేది. ఈ మాట చెప్పడానికి మనిషి లేడు! ఊరు వెళ్ళాడని అందరికీ చెప్పుకున్నాను. విజయనగరం ఉత్తరం రాశాను, అక్కడా లేడు.

నువ్వేమో పటాకాలు పేల్చావు. పది గజాలకొకటి, మూడు! నేను ఇంజనువాడి పెళ్ళాన్నిరా, నాకే తెలుసు దానర్థం. ముందు ప్రమాదం, ఆగిపో అని. పద్నాలుగేళ్ళుగా ఆ చప్పుడుకు బ్రేకు వేసిన మనిషి ఆయన. తనను పట్టుకోవడానికి రైలువాళ్ళు కొండ చుట్టూ ఉన్నారనుకోడూ? ఇవాళ పొగ లేదని సంతోషంగా రాశావు. నాకు ఆ మాట చదివాక అన్నం దిగలేదు.

ఎక్కు తమ్ముడూ. ఎక్కొద్దన్న ఈ నోటితోనే చెప్తున్నాను. పోలయ్య బతికున్నాడని చెప్పి తీసుకురా.

అప్ప


సాల్హేటోలా,
30 జూలై 1934

అప్పా,

చూశాను. బావే. బతికే ఉన్నాడు. కానీ తీసుకురాలేకపోయాను.

నీ ఉత్తరం అందిన రోజు నుంచి మూడుసార్లు ఎక్కాను. రెండుసార్లు మబ్బు కొండ నెత్తిన కూర్చుంది, చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. జలగలు. రాయి మీద కాలు పెడితే జారుతుంది. "బావా, బావా" అని అరుస్తూ తిరిగాను, నా గొంతే నాకు తిరిగొచ్చి ప్రాణం జల్లుమనేది. నేను చేసిన పని తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తోంది. తంతి కొట్టేవాణ్ణి, ఏ చప్పుడుకు ఏ అర్థమో చెప్పి జీతం తీసుకునేవాణ్ణి, నాకు ఆ తలపే రాలేదు.

నిన్న ఎండ కాసింది. గట్టు దాటాను. గుహకు పైన, చీలిపోయిన బండ అంచున నిలబడి ఉన్నాడు. గడ్డం, చిరిగిన ఖాకీ లాగు, మొహం పీక్కుపోయింది. మా ఇద్దరి మధ్య ఒక వాగు. నేను కదిలితే ఆయన అంచుకు జరుగుతున్నాడు. అందుకని కదల్లేదు. నిలబడి అరిచాను, "పోలయ్య బతికున్నాడు బావా! తప్పు తనదేనని రాసిచ్చాడు, జెండా చూపలేదని!"

బావ నవ్వాడు అప్పా. ఆ నవ్వు వినకుండా ఉంటే బాగుండేది. "సూసినావా, పోలీసోళ్ళు నీకూ నేర్పీసినారు" అన్నాడు. "ఎర్రజెండా సూపినాడు. నాను సూసినాను. సూసి కూడా రెగ్యులేటరు లాగి ఇంజను కదిపినాను. నిద్ర. నిలబడే నిద్రోతన్నాను. పోలయ్య బతికుంటే ఆ అబద్ధం ఆడతాడేట్రా? సచ్చినోడి పేరు సెప్పి నన్ను దింపుతావా?"

ఇంకో అడుగు వెనక్కేశాడు. వెనకాల ఏమీ లేదు. నేను చేతులెత్తి, సరే బావా, పోతున్నాను అని వెనక్కి వెనక్కి నడిచాను. ఏం చెయ్యను మరి!

నిజం చెప్పు. పోలయ్య జెండా చూపాడా, లేదా? ఆయన నమ్మే మాట ఒకటి పంపు. నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి.

సింహాచలం


బిలాస్‌పూర్,
6 ఆగస్టు 1934

తమ్ముడూ,

నీ ఉత్తరం పట్టుకుని పోలయ్య ఇంటికి పోయాను. రెండు నెలలుగా ఆ గుమ్మం తొక్కడానికి నాకు మొహం లేదు. అసిరమ్మ నన్ను చూసి లోపలికి పోయింది. పోలయ్య మంచం మీద కూర్చుని కర్ర చెక్కుకుంటున్నాడు, చంక కింద పెట్టుకునే కర్ర.

అడిగీశాను. జెండా చూపావా అని.

కర్ర చెక్కుతూనే "సూపినాను" అన్నాడు. "ఆడు సూసినాడు కూడాను. కళ్ళు తెరిసే నిద్రోతన్నాడు అప్పయమ్మా. ఆ పొద్దు ఆడికది మూడో డ్యూటీ. ఆడ్ని జైల్లో ఎడితే నా కాలు మొలుస్తాదేటి?"

అసిరమ్మ లోపల వింటోంది. బయటికొచ్చి చేతిలో చెంబు నా కాళ్ళ ముందు విసిరింది. "నీ మొగుడి కోసం నా మొగుడు అబద్ధవాడినాడు, నాకూ సెప్పలేదు. అచ్ఛా, ఇంకా ఏటి కావాలి? రెండో కాలు కావాలా?" అంది. ఆ మనిషి అన్నదాంట్లో తప్పేటి? అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చాను. కాసేపటికి అదే వచ్చి నా పక్కన కూలబడింది. తనూ ఏడ్చింది.

పోలయ్య తనే అన్నాడు. "ఆడు మరెవడి మాటా ఇనడు. నాను ఎల్లాల" అని. ఒంటికాలితో ఆ కొండా! డాక్టరు పుండు పూర్తిగా మానేదాకా కదలకూడదన్నాడు. ఇంకా నెల పడుతుందట.

నెల రోజులు ఆయన బతకాలి. నీ చేతుల్లో ఉంది. బియ్యం, చుట్టలు, అగ్గిపెట్టె మూట కట్టి గట్టుకు ఇవతల పెట్టి వచ్చెయ్యి. పిలవకు, వెతకకు, దాటకు. ఆయన భయపడకూడదు, నువ్వు పడిపోకూడదు. నాకు మిగిలింది మీరిద్దరే.

అప్ప


బిలాస్‌పూర్, రైల్వే ఆస్పత్రి,
17 సెప్టెంబరు 1934

అప్పా,

నువ్వు నన్నిక్కడ పడుకోబెట్టి, పోలయ్యను తీసుకుని సాల్హేటోలా బండెక్కి మూడు రోజులైంది. ఒక్క కబురూ లేదు. మొన్న నీ మొహం చూసి అంతా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పకపోతే పాపం.

చీలమండ ఎలా విరిగిందని అడిగితే దిగేటప్పుడు జారానన్నాను. దిగేటప్పుడు కాదు. నువ్వు చెప్పినట్టే వారానికో మూట పెట్టి వచ్చేవాణ్ణి. మూడు మూటలు తీసుకున్నాడు. నాలుగోది, నేను వారం తర్వాత వెళ్ళేసరికి, పెట్టిన చోటే ఉంది. బియ్యం తడిసి మొలకలెత్తాయి. పిలవొద్దన్నావు, పిలిచాను. దాటొద్దన్నావు, దాటబోయాను. గట్టు నడుమ ఒక రాయి నా కాలి కింద ఊడిపోయింది. పొదలో చిక్కుకున్నాను కాబట్టి సుక్లూ లాగగలిగాడు. ఇప్పుడక్కడ గట్టుకు ఒక జానెడు ఖాళీ ఉంది.

ఆయన మూట ఎందుకు తీసుకోలేదో నాకు తెలియదు. నువ్వు అక్కడికి వెళ్ళి ఏం చూస్తావోనని నా గుండె ఆగిపోతోంది. దుంగ దాటలేనిదానివి. నువ్వు ఎక్కకు అప్పా. డోలీ వాళ్ళు పోలయ్యను గట్టుదాకా మోస్తారు, అక్కణ్ణించి పిలిస్తే చాలు. పలికితే పలుకుతాడు.

పలకకపోతే దిగి వచ్చెయ్యి. నాకు నువ్వు కావాలి.

సింహాచలం


సాల్హేటోలా,
19 సెప్టెంబరు 1934

తమ్ముడూ,

నీ ఉత్తరం నేను కొండ దిగి వచ్చాకే అందింది. మంచిదైంది. ముందే అంది ఉంటే ఆ ఖాళీ సంగతి చదివి ఇక్కడే చచ్చేదాన్ని.

వాన తెరిపి ఇచ్చాక నిన్న పొద్దున బయల్దేరాం. పోలయ్యను డోలీలో సుక్లూ వాళ్ళు నలుగురు మోశారు. అసిరమ్మ కర్ర పట్టుకుని వెనక నడిచింది. రానని ఒట్లు పెట్టుకున్న మనిషి, బండి కదిలే వేళకు మూటతో వచ్చి కూర్చుంది. నేను డోలీ వెంటే నడిచాను. పైకి చూడలేదు, కిందకి చూడలేదు, సుక్లూ మడమలు చూస్తూ ఎక్కాను. వెదురు దాటాక ఏదో గుర్రుమంది. అందరం ఆగిపోయాం. సుక్లూ ఏదో గొణిగి రాయి విసిరాడు. అది పోయిందో లేదో తెలీదు, మేం మాత్రం నడిచాం.

గట్టు దగ్గర డోలీ దింపారు. పక్కన ముందుకి పొడుచుకొచ్చిన బండ ఉంది కదా, దాని మీద పోలయ్య కూర్చున్నాడు. అక్కణ్ణించి గట్టు మొత్తం కనబడుతుంది. మీ బావను పేరు పెట్టి గొంతెత్తి అరిచాడు. "ఒరే బంగార్రాజూ! కాలు పోనాది నాది, కొండెక్కి కూకున్నావు నువ్వేట్రా?"

పలుకు లేదు. మళ్ళీ అరిచాడు. చాలాసేపటికి గుహలోంచి మూలుగు వినిపించింది. "ఒద్దురా పోలయ్యా! నన్ను పిలవకురా! నానే వొస్తాను నీ కాడికి, పిలవకు!" చచ్చినవాడి గొంతు పిలుస్తోందనుకున్నాడురా. దెయ్యమనుకున్నాడు. ఆ తర్వాత బండల మీద ఈడ్చుకుంటున్న చప్పుడు. అంచు వైపు.

ఇక నేను ఆగలేదు. ఎలా దాటానని అడక్కు. గోడకు మొహం ఆనించి, పక్కకు పక్కకు జరిగాను. నడుమ కాలికి ఏమీ తగల్లేదు. అరిచాను కూడా. అయినా రెండో కాలు వేశాను. నాకే తెలీదు.

మీ బావ అంచుకు నాలుగు గజాల దూరంలో పాకుతున్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఎన్నాళ్ళ జ్వరమో, మూట దాకా రాలేకపోయాడు. నన్ను చూసి నేనూ చచ్చాననుకున్నాడు. చెంప మీద ఒక్కటి కొట్టాను. "దెయ్యం కొడితే నొప్పెడుతుందా?" అన్నాను. నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. అప్పుడు ఏడ్చాడు.

అప్పుడు పోలయ్య అక్కణ్ణించి అరిచాడు. "జెండా సూపినాను. నువ్వు సూసినావు. సూసీ కదిపినావు. నా కాలు తీసింది నువ్వే. దొరల కాడ నాను అబద్ధవాడినాను. ఇదీ నిజం. సాలా? ఇంక రా!"

ఆ మాటకు మీ బావ మొహం మారింది. నువ్వు చెప్పిన మంచిమాట నమ్మలేదు, ఈ మాట నమ్మాడు. లేచి నిలబడ్డాడు.

గట్టు ఎక్కాం. ఆయన ముందు, చొక్కా పట్టుకుని నేను వెనక. రెండడుగులు వేశాడో లేదో లోయ తిరుగుతోందని కళ్ళు మూసుకున్నాడు. ఆయన భుజాలు తప్ప ముందేముందో నాకు కనబడదు. ఆ ఖాళీ ఎక్కడొస్తుందో ఇద్దరికీ తెలీదు. నా జన్మలో అంత భయం ఎరగను. వెనక్కి లాగుదామంటే ఇద్దరం పోతాం.

పోలయ్య పిలవడం మొదలెట్టాడు. యార్డులో పిలిచినట్టే. "రా... రా... సిన్నగా... ఇంకొంచెం... రా..." మీ బావ ఒక్కో మాటకు ఒక్కో అడుగు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. "రా... రా... ఆగు!"

ఆగాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు. ఆ కాలి కింద ఏమీ లేదురా, నేను పక్కనుంచి చూశాను. "కాలు సాపు. ఇంకా సాపు. ఆఁ, పెట్టు. రాయి గట్టిదే. రా." పెట్టాడు. నన్నూ అలాగే పిలిచి దాటించాడు.

ఇవతలికి రాగానే మీ బావ పోలయ్య ముందు కూలిపోయాడు. కాలు ఉండాల్సిన చోట ఒట్టి బండ మీద చెయ్యి పెట్టి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అసిరమ్మ మొహం తిప్పుకుంది. పోలయ్య ఆయన జుట్టు పట్టుకుని తల పైకెత్తాడు.

"ఈసారి ఆగినావు కదరా. సాల్లే. లెగు."

డోలీలో మీ బావను పడుకోబెట్టారు. పోలయ్య సుక్లూ వీపెక్కాడు. అసిరమ్మా నేనూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని దిగాం.

అప్ప